పాల నురుగుకు పవర్ ప్లగ్గు



విజయవాడ నగరమున కాఫీ త్రాగువారికి ఎన్నడును కొదువ లేదు. గాంధీనగరపు హోటళ్ళలో తెల్లవారకముందే ఇడ్లీ పాత్రల పొగలతో కలసి డికాక్షను వాసన వీథిలోనికి వచ్చుట ఈ ఊరివారు తరతరములుగా ఎరిగినదే. అట్టి ఊరిలో ఇటీవల కొన్ని ఏండ్లుగా, పటమటలోను, బెంజి సర్కిల్ పరిసరములందును, కృష్ణకు ఆవలి యొడ్డున తాడేపల్లిలోను లేచిన అపార్టుమెంట్లలో, వంటగట్టు మీద ఫిల్టరు ప్రక్కన మెరుగుపెట్టిన ఉక్కు యంత్రమొకటి వచ్చి చేరుచున్నది. దానిని ఎస్ప్రెస్సో యంత్రమందురు. మెత్తగా విసరిన కాఫీ పొడి గుండ వేడినీటిని వాతావరణ పీడనమునకు తొమ్మిది రెట్ల బలముతో త్రోసి, అర నిమిషములో ఒక గ్రుక్కెడు చిక్కని కషాయమును దింపుట దాని మొదటి పని. ప్రక్కనున్న సన్నని గొట్టము నుండి ఆవిరిని వెలువరించి, పాలను వేడిచేసి నురుగు కట్టించుట రెండవ పని. మొదటి పనిని గూర్చి నిందించువారు తక్కువ. రెండవ దానిని గూర్చి మాత్రము, కొన్న నెలలోపలనే, ఆ యింటివారు వచ్చినవారందరితోను మొరపెట్టుకొనుచుందురు: "ఆవిరి చాలడము లేదండీ, మొదట బాగానే బుసకొట్టి, పాలు గోరువెచ్చన కాకముందే నీరసపడుచున్నది, నురుగు రాదు, నీళ్ళు మాత్రము వచ్చును." ఈ నేరమును యంత్రముపై మోపి, దానిని అమ్మివేసి, ఇంకను వెలగల మరియొక దానిని కొనువారును కలరు. ఆ క్రొత్తదియు అదే గోడకు, అదే ప్లగ్గుకు తగిలింపబడి అట్లే నీరసపడుచుండును. ఈ నేరములో చాలభాగము గోడలోని తీగది, ఆ తీగ చివరనున్న ప్లగ్గుది అని నిరూపించుటయే నేటి ప్రసంగమున నా ఉద్దేశము.

ఈ యంత్రము పుట్టినది ఇటలీలో. 1884లో ట్యూరిన్ నగరమున ఆంజెలో మొరియోండో అనునతడు ఆవిరి సహాయమున కాఫీ తీయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1901లో మిలాను నగరవాసి లుయిజీ బెజ్జెరా దానిని కప్పు కప్పుకు వేరువేరుగా తీయునట్లు సంస్కరించెను. ఆ కాలమున యంత్రములో ఆవిరియే సర్వాధికారి. నీటిని త్రోయునదియు అదే, ఆ తొందరలో కాఫీని కొంత మాడ్చునదియు అదే. 1938లో అకిల్లె గాజియా పేటెంటు పొందిన పద్ధతితోను, పిదప వచ్చిన మీటతోను, 1961లో ఫయేమా సంస్థవారు విద్యుత్ పంపును జోడించిన యంత్రముతోను, నీటిని త్రోయు అధికారము ఆవిరి చేతినుండి జారిపోయెను. నాటినుండి ఆవిరికి మిగిలిన ముఖ్యమైన ఉద్యోగము పాలు కాచుట. ఆ యొక్క ఉద్యోగమైనను సరిగా నిర్వహించుటకు దానికి కావలసినది వేడి. ఇంటి యంత్రములో వేడికి కావలసినది కరెంటు.

ఎంత కరెంటు? ఈ లెక్క మిక్కిలి సులభమైనది గాన శ్రోతలు కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన. ఫ్రిజ్జు నుండి తీసిన పాలు ఇంచుమించు 5 డిగ్రీల వద్ద ఉండును. నురుగు నున్నగా నిలిచి, పాల తీపి చెడకుండ నుండు వేడి 65 డిగ్రీలు. ఒక పెద్ద కప్పునకు చాలిన 150 మిల్లీలీటర్ల పాలు ఈ 60 డిగ్రీలు ఎక్కవలెనన్న సుమారు 36,000 జౌళ్ళ శక్తి కావలెను. ఆవిరి ఈ శక్తిని తన గుప్తోష్ణమునుండి ఇచ్చును. నూరు డిగ్రీల ఆవిరి ఒక గ్రాము అదే వేడిలో నీరుగా మారునపుడు 540 కేలరీలు, జౌళ్ళలో 2,257, విడిచిపెట్టును. ఆ నీరు పాలలో కలసి 65 డిగ్రీలకు దిగునప్పటి వేడిని గూడ కలుపుకొన్నచో గ్రాముకు దాదాపు 2,400 జౌళ్ళు. అనగా కప్పు పాలకు పదునైదు గ్రాముల ఆవిరి చాలును. ఆ పదునైదు గ్రాములును నీరై పాలలోనే ఉండిపోవును గనుక, ఎంత గొప్ప యంత్రమైనను పాలకు పదియవ వంతు నీరు కలుపక మానదు. పాలు పోయువారు కలిపినది దీనికి అదనము.

ఇక వేయి వాట్ల హీటరు సెకనుకు వేయి జౌళ్ళ వేడి నిచ్చును. బాయిలరులో ముందుగా నిలువయున్న వేడిని లెక్కలోనికి తీసుకొననిచో, ఆ కప్పు పాలకు 36 సెకనులు పట్టును. ఈ వ్యవధి నురుగుకు ప్రాణము వంటిదని కాఫీ చేయువారందరును ఒప్పుకొందురు: ఆవిరి బలముగా వచ్చి పాలను గిరగిర త్రిప్పినపుడే పెద్ద బుడగలు విరిగి సన్నని నురుగగును, బలము తగ్గినచో పాలు తిరుగవు, బుడగలు పైన నిలిచి చిట్లిపోవును, వేడెక్కుటకు పట్టు కాలము పెరుగును, గొట్టములోనే చల్లబడిన తడి ఆవిరి నీరై పాలలోనికి దిగును. మొరపెట్టుకొనువారు చెప్పు నాలుగు లక్షణములును ఈ యొక్క కారణమునుండి పుట్టినవే.

మన దేశాచారము ఈ కష్టమును కొంత హెచ్చించుచున్నది. 65 డిగ్రీల కాఫీని మన పెద్దలు కాఫీ యని ఒప్పుకొనరు. గ్లాసు పట్టుకొన్న వ్రేళ్ళు చురుక్కుమనవలెను, ఊదుకొని త్రాగవలెను. 80 డిగ్రీలకు చేర్చవలెనన్న కావలసిన వేడి నాలుగవ వంతు పెరుగును, పాల నురుగు తరుగును. పైగా కృష్ణా జిల్లా పల్లెలనుండి వచ్చు గేదెపాలలో వెన్న ఆవుపాలకంటె దాదాపు రెట్టింపు. నురుగు కట్టించునది వెన్న కాదు, మాంసకృత్తులు. గేదెపాలలో అవియును కొంత హెచ్చుగనే యుండుటచేత, ఆవిరి చాలినంత బలముగా నున్నచో ఆ పాల నురుగు దిట్టముగా నిలుచును. విదేశీ పుస్తకములు చదివి ఆవుపాలకై వెదకువారితో నేను ఏకీభవింపజాలను. లోపము పాలలో లేదు.

ఇప్పుడు ఆవిరి పుట్టుచోటికి వత్తము. ప్రకాశం బరాజుకు ఎగువన ఇబ్రహీంపట్నములో, 1979లో మొదటి యూనిట్టు పని ప్రారంభించిన విద్యుత్ కేంద్రము, నేడు డాక్టర్ నార్ల తాతారావు గారి పేరిట నున్నది, కృష్ణ నీటిని తీసుకొని, బొగ్గు మంటపై 500 డిగ్రీలకు మించిన ఆవిరిగా మార్చి, దానితో టర్బైనులను త్రిప్పి కరెంటు పుట్టించుచున్నది. ఆ కరెంటు తీగలవెంట నగరమునకు వచ్చి, వంటయింటిలో మరల కృష్ణ నీటినే, కుళాయినుండి పట్టిన ఒక గ్లాసెడు నీటిని, ఆవిరిగా మార్చుచున్నది. ఆవిరి నుండి ఆవిరికి నడుచు ఈ ప్రయాణములో, బొగ్గులో నున్న శక్తిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే కరెంటుగా బయలుదేరును; అది విద్యుత్ కేంద్రము వారి చింత. మన చింత తుది ముప్పది గజములది. ఊరి ప్రక్కనే అంతటి కేంద్రము పొగగొట్టము లెత్తి నిలిచియుండగా మన ప్లగ్గులో ఓల్టేజి తగ్గుట యేమని ఆశ్చర్యపడువారు, ఉత్పత్తి వేరు, పంపిణీ వేరు అని గ్రహింపవలెను.

ఈ సంగతి డెల్టావాసులకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. బరాజువద్ద ఏలూరు కాలువకు, బందరు కాలువకు, రైవిస్ కాలువకు నిండుగా నీరు వదలినను, దివిసీమ శివారు భూములకు అది చేరునప్పటికి తడి మాత్రమే మిగిలిన సంవత్సరములు రైతులకు జ్ఞాపకమే. ఎగువనున్న ప్రతి తూము తన వంతు తీసుకొనును. కాలువ గట్టు పూడినచోట ప్రవాహము మందగించును. శివారు రైతు ఆకాశమువంక చూచును. తీగలోని ఓల్టేజియు అట్టిదే. వీథి ట్రాన్స్‌ఫార్మరు వద్ద నిండుగా బయలుదేరిన ఓల్టేజి, దారిలోని ప్రతి ఏసీకి, ప్రతి గీజరుకు, ప్రతి నీళ్ళ మోటారుకు వంతు పెట్టి, సన్నని తీగలలోను, వదులు కీళ్ళలోను కొంత వేడిగా పోగొట్టుకొని, చిట్టచివరి ఇంటి వంటగట్టుకు వచ్చునప్పటికి కృశించియుండును. కంకిపాడులో 1902లో పుట్టి, విజయవాడనుండి మూడు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కె.ఎల్. రావు గారు కేంద్రములో మంత్రిగా నిర్వహించిన శాఖ పేరు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి; ఆ రెంటిని ఒకే బల్లపై పెట్టినవారు శివారు కష్టమును ఎరిగినవారే యైయుందురు.

ఓల్టేజి కొంచెము తగ్గినచో వేడి కొంచెమే తగ్గుననుకొనుట సహజము. ప్రకృతి అట్లు లెక్కించదు. హీటరు ఇచ్చు వేడి ఓల్టేజి యొక్క వర్గమును అనుసరించును. 230 ఓల్టుల వద్ద 1,000 వాట్లు ఇచ్చు హీటరు, 200 ఓల్టులకు దిగినపుడు ఇచ్చునది 756 వాట్లు; 180కి దిగినపుడు 612 మాత్రమే. ఓల్టేజి అయిదవ వంతు కంటె కొంచెము హెచ్చుగా తగ్గెను. వేడి అయిదింట రెండు వంతులు తగ్గెను. మన కప్పు పాల 36 సెకనులు కాస్తా నిమిషమయ్యెను. 1956 నాటి భారత విద్యుత్ నియమములు ఇండ్ల కిచ్చు ఓల్టేజి ప్రకటించిన దానికి ఆరు శాతము మించి హెచ్చుతగ్గులు కారాదని విధించినవి. 230కి ఆరు శాతము తక్కువ యనగా 216. ఆ హద్దులోపలనే, ఎవరికిని ఫిర్యాదు చేయుటకు వీలులేని ఆ 216 వద్దనే, హీటరు తన వేడిలో పండ్రెండు శాతము పోగొట్టుకొనియుండును. మే నెల రాత్రి తొమ్మిది గంటల వేళ, వీథి వీథంతయు ఏసీలు వేసికొని నిద్రకు ఉపక్రమించునపుడు, ఒక కాపుచినో త్రాగవలెనని బుద్ధిపుట్టినవారు ఈ లెక్కను ప్రత్యక్షముగా చూడగలరు. కైకలూరు, ముదినేపల్లి ప్రాంతముల చేపల, రొయ్యల చెరువుల నడుమ నున్న పల్లెలవారికి, రాత్రియెల్ల ఏరేటర్లు తిరుగు లైనుపై, ఈ అనుభవము మరింత బాగుగా తెలిసియుండును.

ఇది వీథి సంగతి. ఇంటిలోని సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఏలయనగా దానిని బాగుచేసికొనుట మన చేతిలోనున్నది.

మన ఇండ్లలో రెండు విధములైన ప్లగ్గులు గలవు. చిన్నది 6 ఆంపియర్లది, పూర్వము దానిని 5 ఆంపియర్లదిగా లెక్కించెడివారు. పెద్దది 16 ఆంపియర్లది, ఆడవారు మగవారు అందరును "పవర్ ప్లగ్గు" అని పిలుచునది. చిన్న ప్లగ్గు మోయగల భారము 1,380 వాట్లు; పవర్ ప్లగ్గు మోయగలది 3,680. ఇంటి ఎస్ప్రెస్సో యంత్రములలో చిన్నవి 1,200 వాట్ల లోపల నుండును. కొంచెము మంచివి 1,450 వాట్ల వరకు పోవును. కాఫీకి ఒక బాయిలరు, ఆవిరికి మరియొక బాయిలరు గలవి రెండువేలు దాటుటయు కలదు. 1,450 వాట్ల యంత్రము 230 ఓల్టుల వద్ద 6.3 ఆంపియర్లు తీసుకొనును. చిన్న ప్లగ్గు హద్దును అది దాటెను. దాటినది కొంచెమే కదా యని ఊరకుందురు. ఎప్పుడో ఒకమారు వెలిగి ఆరు ఇస్త్రీపెట్టె వలె గాక, ఈ యంత్రము ఉదయము పలుమారులు వేడెక్కుచుండును. పైగా అది విదేశములనుండి వచ్చినదైనచో దాని తీగ చివర గుండ్రని యూరపు ప్లగ్గు ఉండును. దానికి మన గోడలో చోటుండదు. అందుచేత ప్రయాణీకులు సెల్‌ఫోనుల కొరకు కొనుక్కొను కన్వర్టరు ప్లగ్గునొకటి మధ్యవర్తిగా పెట్టుదురు. అది ఒక ఎక్స్‌టెన్షను బాక్సులోనికి పోవును. ఆ బాక్సునుండియే ఫ్రిజ్జును, మిక్సీయును కూడ కరెంటు త్రాగుచుండును.

సత్యనారాయణపురములోని ఒక పాత ఇంట ఇట్టి ఏర్పాటును నేను దగ్గరనుండి చూచితిని. యజమాని కాఫీ ప్రియుడు, యంత్రము మేలైనది, ఆవిరి మాత్రము నాసిరకపుది. వచ్చిన ఎలక్ట్రీషియను యంత్రమువంక చూడనైన చూడలేదు; ముందుగా కన్వర్టరు ప్లగ్గును ఊడబెరికి, దాని తెల్లని ముఖముపై పిన్ను చుట్టును గోధుమరంగున పడిన మచ్చను యజమానికి చూపి, "ఇక్కడే కాలుతోందండీ మీ కరెంటు" అనెను. పిదప మీటరు తీసి, మెయిన్ బోర్డువద్ద ఒకమారు, వంటగట్టువద్ద ఒకమారు చూచెను. యంత్రము ఆపియున్నపుడు రెండుచోట్లను ఇంచుమించు ఒకటే, 226. ఆవిరి వదలి హీటరు వెలుగుచున్నపుడు బోర్డులో 222, వంటగట్టు మీద 211. ఆ నడుమ పోయిన పదునొకండు ఓల్టులును గోడలోని సన్నని పాత తీగయు, వదులైన కీళ్ళును, ఎక్స్‌టెన్షను బాక్సును పంచుకొని వేడిగా మార్చినవి. ఆరు ఆంపియర్ల ప్రవాహమునకు పదునొకండు ఓల్టులు పోవుట యనగా అరువదియారు వాట్లు. పూర్వకాలపు బల్బు ఒకటి గోడలోపల, ఎవరికిని వెలుగీయక, వేడిమి మాత్రమిచ్చుచు మండుచున్నదన్నమాట. ఇల్లు తగులబడుట కిది మొదటి మెట్టు గనుక, పాల నురుగు మాట అటుంచి, ఈ కారణము చేతనైనను తీగ మార్చవలసినదే.

మార్చిరి. బోర్డునుండి నేరుగా, మధ్యలో మరియే ప్లగ్గుకును వంతు పెట్టని, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, చివర 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు, యంత్రపు తీగకు మన మూడు పిన్నుల పెద్ద టాపు. ఇరువది మీటర్ల దూరమునకు అట్టి తీగలో ఆరు ఆంపియర్ల వద్ద రెండు ఓల్టులు మించి పోవు. వంటగట్టు మీద 220 వచ్చెను. ఆవిరి రెట్టింపైనదని నేను చెప్పను. అట్లు చెప్పు వ్యాపారులను నమ్మవలదు. వేడి సుమారు తొమ్మిది శాతము పెరిగెను, కప్పు పాలకు మూడు నాలుగు సెకనులు తగ్గెను. కాని ఆవిరి మధ్యలో నీరసపడుట మానినది. మిక్సీ తిరిగినపుడు ఆవిరి ధ్వని తగ్గిపోవుట మానినది. చేయి పెట్టి చూడగా ప్లగ్గు చల్లగా నుండెను.

ఈ సందర్భమున స్టెబిలైజరును గూర్చి ఒక మాట. ఓల్టేజి తగ్గినదనగానే స్టెబిలైజరు కొనుట మనవారికి అలవాటు. వీథిలో తగ్గిన ఓల్టేజికి అది కొంతవరకు మందే. తీగ సన్ననైనందువలన తగ్గిన ఓల్టేజికి మాత్రము అది రోగమును పెంచు మందు. 180 ఓల్టుల వద్ద 1,450 వాట్ల యంత్రము తనంత తానుగా తీసుకొనునది అయిదు ఆంపియర్ల లోపల; స్టెబిలైజరు ఆ ఓల్టేజిని 230కి ఎత్తి యంత్రమునకు నిండు శక్తి ఇచ్చుటకు వెనుకనున్న తీగనుండి ఎనిమిది ఆంపియర్లు లాగును. ఇదివరకే మోయలేని తీగపై భారము ఒకటిన్నర రెట్లకు మించును. ఇక కరెంటు పోయినపుడు ఇన్వర్టరుపై కాఫీ కాచుకొందమనుకొనువారికి చెప్పవలసినదేమియు లేదు. సామాన్యముగా మన ఇండ్లలో నుండు ఇన్వర్టరు ఫ్యానులకు, దీపములకు ఉద్దేశింపబడినది, హీటరు వెలిగిన తక్షణమే అది చేతులెత్తివేయును.

మన ప్రాంతపు సంతానము అమెరికాలో విస్తారముగా నున్నది గనుక వారి వంటయింటి సంగతియు చెప్పక తప్పదు. అక్కడి గోడ ప్లగ్గులో నుండునది 120 ఓల్టులు; సామాన్యమైన సర్క్యూటు 15 ఆంపియర్లది; రెండును గుణించినచో 1,800 వాట్లు, విడువక నడుచు భారమునకు వారి నియమములు అనుమతించునది అందులో ఎనుబది శాతము, అనగా 1,440. కనుకనే అక్కడ అమ్ము రెండు బాయిలర్ల యంత్రములలో కొన్నింటికి ఒక ఏర్పాటు గలదు: 15 ఆంపియర్ల సర్క్యూటుపై నున్నంతకాలము రెండు హీటర్లును ఒకేసారి వెలుగవు; కాఫీ బాయిలరుకు వేడి కావలసినపుడు ఆవిరి బాయిలరు ఊరకుండవలెను. 20 ఆంపియర్ల సర్క్యూటు వేయించుకొన్నవారు మీట మార్చి రెంటిని ఒకేసారి వెలిగించుకొనవచ్చును. ఇంటికి 240 ఓల్టులు వచ్చుచునే యున్నను, వాటిని బట్టలారవేయు యంత్రమునకును, పెద్ద పొయ్యికిని కేటాయించి, కాఫీకి సగము మాత్రమే ఇచ్చుట ఆ దేశపు విచిత్రము. ధనిక దేశమున నున్న మన పిల్లలు ఆవిరికై నిరీక్షించుచుండగా, పటమటలోని వారి తలిదండ్రుల గోడలో నున్న పవర్ ప్లగ్గు దానికి రెండింతల శక్తి నీయగలదు. ఈ విషయమున మనము అదృష్టవంతులము. ఆ అదృష్టమును కన్వర్టరు ప్లగ్గుతో పాడుచేసికొనుచున్నాము.

ఆ పిల్లలు సెలవులకు వచ్చునపుడు తమ యంత్రమునే మోసికొని వచ్చి తలిదండ్రులకు బహూకరించుట ఇటీవలి వేడుక. అట్టి 120 ఓల్టుల యంత్రమును మన 230 ఓల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టినచో హీటరు మూడున్నర రెట్లకు మించిన శక్తి తీసుకొని క్షణములో కాలిపోవును. ఓల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. 1,500 వాట్ల యంత్రమునకు రెండు కేవీఏకు తక్కువైనది పనికిరాదు, అది వంటగట్టుపై యంత్రమంత చోటు ఆక్రమించును. అంతటితో తీరదు. ట్రాన్స్‌ఫార్మరు ఓల్టేజిని మార్చునే గాని పౌనఃపున్యమును మార్చలేదు. అక్కడి 60కి తగినట్లు చేసిన కంపించు పంపు ఇక్కడి 50 పై తన స్వభావము మార్చుకొనును. ఆ యంత్రమును అక్కడనే స్నేహితులకిచ్చి, ఇక్కడ 230 ఓల్టుల దానిని కొనుట మేలు.

పెండ్లి విందులలో ఎస్ప్రెస్సో కాఫీ యని పేరుపెట్టి, ఇన్‌స్టంట్ పొడిని పాలతో కలిపి, ఆవిరి గొట్టము ముంచి భోరున పొంగించి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇచ్చు నిలువుపాటి యంత్రమును శ్రోతలు చూచియే యుందురు. ఇటలీవారు దానిని తమ బంధువుగా ఒప్పుకొనకపోవచ్చును. ఆవిరి విషయమున మాత్రము అది ఏ యింటి యంత్రమునకును తలవంచదు. వందలాది అతిథులకు విరామము లేక పొంగించును. రహస్యమేమనగా అటువంటి యంత్రములలో అనేకము గ్యాసు మంటపై పని చేయునవి, బాయిలరు పెద్దది, కళ్యాణమండపపు ప్లగ్గు ఎంతటిదైనను దానికి లెక్కలేదు. బాయిలరు పెద్దదైనందువలన లాభము ఇంటి యంత్రమునకును గలదు. లీటరు నీరు 125 డిగ్రీల వద్ద నిలువయున్నచో, అది ఎనిమిది తొమ్మిది డిగ్రీలు దిగులోపలనే ఒక కప్పు పాలకు చాలిన వేడి నిచ్చివేయును. హీటరు ఆ తరువాత నిదానముగా లోటు పూడ్చును. కావున తమ ఇంటి తీగను మార్చుకొనుటకు వీలులేని అద్దె ఇండ్లవారు, వాట్లు హెచ్చుగానున్న చిన్న బాయిలరు కంటె, వాట్లు మితముగానున్న పెద్ద బాయిలరును ఎన్నుకొనుట యుక్తము. వేడెక్కుటకు ఆలస్యమగును, నురుగు వేళకు మాట తప్పదు.

ఒకే బాయిలరు గల చిన్న యంత్రము ఉన్నవారు గొట్టములో నిలిచిన నీటిని ముందుగా ఒక గుడ్డలోనికి వదలి, హీటరు దీపము ఆరకముందే, అనగా హీటరు ఇంకను వెలుగుచుండగనే, ఆవిరి మరను త్రిప్పవలెను. దీపము ఆరువరకు ఆగినవారికి లభించునది నిలువయున్న వేడి మాత్రమే. ముందుగా త్రిప్పినవారికి నిలువయు, హీటరు ఇచ్చుచున్నదియు రెండును లభించును. ఆ అర నిమిషము గ్రైండరును, ఓవెనును ఆపియుంచుట ఇంటిలోని తక్కినవారితో మాటలాడుకొని చేసికొనవలసిన ఏర్పాటు.

ఒక్క పని మాత్రము ఎవరును చేయరాదు. ఫ్యూజు కాలినప్పుడెల్ల మరింత లావైన తీగ చుట్టుట, ఎంసీబీ పడిపోవుచున్నదని దాని స్థానమున పెద్దదానిని బిగించుట మన వీథులలో తరచు చూచుచున్నాము. గోడలోని తీగ మోయలేనిదని చెప్పుటకే అది పడినది. దానిని మార్చుటవలన తీగ సామర్థ్యము పెరుగదు.

క్రొత్త యంత్రమునకు డబ్బు చెల్లింపబోవు శ్రోతలకు నా మనవి యిది. ఒక ఎలక్ట్రీషియనును పిలిపించి, ఇప్పుడున్న యంత్రము ఆవిరి వదలుచుండగా బోర్డువద్దను, ప్లగ్గువద్దను ఓల్టేజి చూడుమనుడు. వీలైనచో వేసవి రాత్రి తొమ్మిది గంటలకు మరియొకమారు చూడుమనుడు. బోర్డుకు, ప్లగ్గుకు నడుమ నాలుగైదు ఓల్టులు మించి పోవుచున్నచో రెండున్నర తీగను, పవర్ ప్లగ్గును, ఎర్తింగును వేయించుకొనుడు. బోర్డుకు చేరకముందే తగ్గుచున్నచో, 1912 నంబరుకు ఫోను చేసి విద్యుత్ పంపిణీ సంస్థ వారివద్ద ఫిర్యాదు నమోదు చేయించి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసియుంచుకొనుడు. ఈ రెండును చూచుకొనక యంత్రమును మార్చవలదు.